గాజు తొట్టెలో మార్పు



కిందటి వర్షాకాలంలో రేపల్లె వైపు ఒక విచారణలో గృహ దర్శనాలకు వెళ్లాను. ఒక ఇంటి ముందుగదిలో యేసు తిరుహృదయ పటం కింద గాజు తొట్టె కనిపించింది. ఈ రోజుల్లో అది వింతేమీ కాదు. చాలా ఇళ్లలో రంగు చేపలు ఈదుతూనే ఉన్నాయి. కాని ఈ తొట్టెలో రంగు చేపలు లేవు. అడుగున పగిలిన కుండపెంకు చాటున నల్లని చేప ఒకటి మీసాలు కదుపుతూ పడుకొని ఉంది. పొలుసు లేని నున్నని ఒళ్లు, అణిగిన తల, వీపు పొడవునా సాగిన రెక్క. నేను చూస్తూండగానే అది చివాలున పైకి వచ్చి, ఒక గుక్క గాలి మింగి, మళ్లీ అడుగుకు పోయింది.

"మార్పు, ఫాదర్!" అన్నాడు ఎనిమిదో తరగతి చదివే ఆ ఇంటి అబ్బాయి, నేను అడగక ముందే. తొలకరి వానలకు పొలం పక్క బోదెలో తానే దాన్ని పట్టాడట. దాని ఒంటికి తగలకుండా రెండు చేతులతో నీటితో సహా బిందెలోకి ఎలా ఎత్తాడో, దాని పక్కముల్లు ఎలా గుచ్చుకుందో చూపించాడు.

వాళ్ల నాయనమ్మ నవ్వింది. "చూడండి ఫాదర్ గారూ! మా అత్తగారి రోజుల్లో పులుసు పెట్టుకున్న చేపకు వీడు అద్దాల మేడ కట్టాడు. దానికి రోజూ వానపాములు తవ్వి పెడతాడు. నాకు కాసిని మంచినీళ్లు ఇవ్వరా అంటే మాత్రం వినపడదు."

తండ్రి మాట వేరు. "మూగజీవిని బంధించి ఉంచడం నా మనసుకు పట్టడం లేదండీ. కాలువలో వదిలేద్దాం అంటున్నాను. వరండాలో ఇంకోటి ఉంది, దాన్నీ వదిలేస్తే పుణ్యం."

వరండాలో ప్లాస్టిక్ తొట్టిలో మరో చేప ఉంది. రెండేళ్ల కిందట రంగు చేపలతో పాటు కొన్న వేలెడు చేప. గాజుకు పట్టిన పాచి తింటుంది, 'ట్యాంక్ క్లీనర్' అని దుకాణంలో చెప్పారు. రంగు చేపలు చనిపోయాయి. ఇది మాత్రం అడుగుకు పైగా పెరిగింది. ఒళ్లంతా కవచం, గరుకు ముళ్లు.

చివరికి తల్లి అడిగింది: "అత్తయ్య కూర వండుకోమంటారు. ఈయన వదిలెయ్యమంటారు. వీడు పెంచుకుంటానంటాడు. ముగ్గురిలో ఎవరిది తప్పు, ఫాదర్ గారూ?"

ఆ పూట నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. అది చిన్న ప్రశ్న అనుకోకండి. మన చేతికి చిక్కిన ఒక ప్రాణి మీద మనకు ఏ మేరకు హక్కు ఉంది? దాని పట్ల దయ అంటే ఏమిటి? దయ ఉంటే చాలా? ఈ ప్రశ్నలన్నీ ఆ గాజు తొట్టెలో ఉన్నాయి. అందుకే ఈ వారం మీతో పంచుకుంటున్నాను.

మొదట ఆ ప్రాణి ఎవరో తెలుసుకుందాం. ఆదికాండం రెండవ అధ్యాయంలో ప్రభువు ప్రాణులను ఆదాము ఎదుటికి తెచ్చి, వాటికి అతడు ఏ పేరు పెడతాడో చూశాడు. పేరు పెట్టాలంటే దగ్గరగా చూడాలి. ఏలుబడి కన్న ముందు ఎరుక ఉండాలన్నమాట.

మన డెల్టాలో మీసాల చేపలు చాలా రకాలు. వాలుగ, జెల్ల, ఇంగిలాయి, మార్పు. ఇందులో మార్పుకు నాలుగు జతల మీసాలు. రాత్రిపూట తిరుగుతుంది, చీకటిలో ఆ మీసాలతోనే తిండిని తడిమి వెతుక్కుంటుంది. మొప్పలతో పాటు గాలిని పీల్చే అవయవం కూడా సృష్టికర్త దానికి ఇచ్చాడు. అందుకే చెరువు ఇంకిపోయి బురద మిగిలినా బతుకుతుంది. జోరువానలో ఒక గుంటలో నుంచి మరో గుంటకు తడినేల మీద పాకుతూ పోతుంది. వర్షాకాలంలో నీరు నిలిచిన వరిచేలలో, గట్ల వార గూడు చేసుకొని గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లకు కాపలా కాసేది మగచేప. తండ్రి కాపలా కాసే కుటుంబం అది. తల్లులకే పిల్లల్ని వదిలేసే తండ్రులు ఈ వాక్యం రెండోసారి చదువుకోవచ్చు.

అరవై దాటిన వారిని అడగండి. తొలకరి పడగానే బోదెల్లో బుట్టలు పెడితే మార్పులు ఎలా పడేవో చెబుతారు. ఇప్పుడు ఆ అబ్బాయికి ఒక్కటి దొరికితే వీధి పిల్లలంతా చూడటానికి వచ్చారు. పొలాల్లో పురుగుమందులు, పూడిపోయిన కుంటలు, చెరువులుగా మారిన వరిచేలు దానికి చోటు లేకుండా చేశాయి. దానికి తోడు ఆఫ్రికా జాతి క్యాట్‌ఫిష్ అనుమతి లేకుండా దేశంలోకి వచ్చింది. త్వరగా పెరుగుతుంది, దొరికిన ప్రతిదాన్నీ మింగుతుంది. దాని పెంపకాన్ని కేంద్ర ప్రభుత్వం 2000లో నిషేధించింది. అయినా దొంగచాటు చెరువుల గురించి పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. మన మార్పును ఉత్తరాదిన మాగుర్ అంటారు. బీహారు దాన్ని తన రాష్ట్ర చేపగా ప్రకటించుకుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దాన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల పట్టికలో చేర్చింది. అంటే మన తాతలు లెక్కచేయని చేప మన మనవలకు బొమ్మలో మాత్రమే మిగలవచ్చు.

ఇక్కడ మీకు ఒక ఆశ్చర్యమైన సంగతి చెప్పాలి. మన దేశం నిషేధించిన ఆ ఆఫ్రికా క్యాట్‌ఫిష్ మన ప్రభువు నడిచిన గలిలయ సరస్సులో నేటికీ ఉంది. అక్కడ అది పరాయిది కాదు, ఆ నీటి బిడ్డే. మోషే ధర్మశాస్త్రం రెక్కలు, పొలుసులు రెండూ ఉన్న చేపలనే తినమన్నది. కనుక పొలుసు లేని ఈ మీసాల చేప యూదులకు నిషిద్ధం. మత్తయి సువార్త 13వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన వల ఉపమానం గుర్తుందా? వలను ఒడ్డుకు లాగి, కూర్చుని, మంచివాటిని బుట్టల్లో వేసుకొని పనికిరానివాటిని పారవేశారు. ఆ పారవేసిన చేపల్లో ఇదీ ఉండి ఉంటుందని బైబులు పండితులు తలుస్తారు. పేతురు, అంద్రెయ, యాకోబు, యోహాను ఎన్నిసార్లు దాన్ని విసుగ్గా గట్టు మీదకు విసిరి ఉంటారో!

అయితే ఆదికాండం మొదటి అధ్యాయాన్ని మరోసారి తెరవండి. బైబులు గ్రంథంలో దేవుని మొట్టమొదటి ఆశీర్వాదం ఎవరికి దక్కింది? మనిషికి కాదు. ఐదవ దినాన నీటిలోని ప్రాణులకూ పక్షులకూ దక్కింది. పొలుసు ఉన్నవాటికి వేరు, లేనివాటికి వేరు అని దేవుడు అక్కడ విడదీయలేదు. ఒకే చేప గలిలయలో ఆశీర్వాదం, మన కాలువలో అనర్థం. తప్పు చేపది కాదు. దాన్ని దాని చోటు నుంచి ఎత్తి, దానిది కాని చోట పడవేసిన మనిషిది. ఈ మాట జ్ఞాపకం ఉంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఇక తల్లి అడిగిన ప్రశ్నకు వద్దాం. మొదట అబ్బాయి పక్షం. పెంచుకోవడం పాపమా?

కాదు. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం ఈ విషయాన్ని 2415 నుంచి 2418 వరకు గల పేరాల్లో స్పష్టంగా బోధిస్తుంది. పశుపక్ష్యాదులను మనిషి తన పనికి, తన విశ్రాంతికి వినియోగించుకోవచ్చు, పెంచుకోవచ్చు. కాని అవి దేవుని సృష్టి. వాటి పట్ల మనం దయ చూపవలసి ఉంది. అనవసరంగా వాటిని బాధపెట్టడం, చంపడం మనిషి గౌరవానికే విరుద్ధం. పదమూడవ శతాబ్దంలో పునీత తోమాసు అక్వీనాసు వారు ఇంకో కోణం చూపారు. మూగజీవి మీద క్రూరత్వం అలవాటైన చెయ్యి రేపు తోటి మనిషి మీదకూ లేస్తుందని ఆయన హెచ్చరిక. కోడి కాలు విరిచి నవ్వే పిల్లవాణ్ణి చూసి మనమూ నవ్వితే, అతడు పెళ్లాడాక ఆ ఇంట్లో వినిపించే ఏడుపులో మన వంతు ఉంటుంది.

అయితే పెంచడం అంటే గాజు పెట్టెలో పెట్టి చూడటం కాదు. ఆ ప్రాణి బతుకంతా మన చేతిలోకి తీసుకోవడం. కాలువలో చేప విసర్జించినది నీటిలో కలిసిపోతుంది. తొట్టెలో అది అమోనియాగా పేరుకొని చేప మొప్పల్ని కాలుస్తుంది. కంటికి కనపడని సూక్ష్మజీవులు ఆ విషాన్ని మెల్లగా విరిచే వరకు, కొత్త తొట్టె చేపకు ప్రమాదకరమైన చోటు. చాలా ఇళ్లలో మొదటి నెలలోనే చేపలు చనిపోవడానికి కారణం దిష్టి కాదు, ఇదే. కుళాయి నీటిలోని క్లోరిన్ చేపకు కీడు. వారానికోసారి కొంత నీరు తీసి, నిలవ ఉంచిన నీరు పోయాలి. మొత్తం నీరు ఒక్కసారిగా మార్చేస్తే తెల్లగా ఉంటుంది గాని చేపకు మంచిది కాదు. మార్పు విషయంలో ఇంకా కొన్ని. నీటికి, మూతకు మధ్య గాలికి చోటు ఉండాలి. లేకుంటే నీటిలో ఉండే చేప నీటిలోనే ఊపిరాడక చస్తుంది. మూత బిగువుగా ఉండాలి, లేకుంటే రాత్రికి రాత్రి పాకి వెళ్లి తెల్లవారేసరికి మంచం కింద దొరుకుతుంది. మీసాలు గీసుకుపోకుండా అడుగున పదునైన రాళ్లు కాక మెత్తని ఇసుక ఉండాలి. పగలు దాక్కోవడానికి చీకటి మూల ఉండాలి. అడుగు పెరిగే చేపకు రెండడుగుల తొట్టె ఇల్లు కాదు, చెర.

ఆ అబ్బాయికి ఇందులో చాలావరకు తెలుసు. మూత మీద ఇటుక పెట్టాడు. కుండపెంకు పెట్టాడు. తొట్టె చాలదని మాత్రం తెలిసీ తెలియనట్టు ఉన్నాడు. మనం ప్రేమించే వారికి మన ఇల్లు ఇరుకైందని ఒప్పుకోవడం పెద్దవాళ్లకే కష్టం, పిల్లవాడి సంగతి చెప్పాలా?

ఖర్చు మాట కూడా చెప్పుకోవాలి. అదే సత్యోపదేశం మరో హెచ్చరిక చేస్తుంది. మనుషుల కష్టం తీర్చడానికి ముందుగా వెచ్చించవలసిన డబ్బును జంతువుల మీద కుమ్మరించడం తగదు, మనుషులకు మాత్రమే చెందిన ప్రేమను వాటికి ఇవ్వడమూ తగదు. వేల రూపాయలు పోసి విదేశీ చేపను తెచ్చుకున్న ఇంటి పనిమనిషి, కూతురి ఫీజు కోసం జీతం ముందుగా అడిగితే లేదనిపించుకుందనుకోండి. ఆ తొట్టెలో వెలిగే దీపం ఆ ఇంటి వారి మీద సాక్ష్యం చెబుతుంది. వానపాముల ఖర్చు తప్ప వేరే ఖర్చు లేని ఈ అబ్బాయికి ఆ దోషం అంటదు. అతడికి అంటేది నాయనమ్మ చెప్పిన దోషం. మంచినీళ్లు ముందు నాయనమ్మకు, తరువాత చేపకు.

రెండవది నాయనమ్మ పక్షం. కూర వండుకోవడం తప్పా?

అదీ తప్పు కాదు. జలప్రళయం తరువాత దేవుడు నోవాకు ప్రాణులను ఆహారంగా ఇచ్చాడు. పునరుత్థానుడైన ప్రభువు శిష్యుల ఎదుట కాల్చిన చేప ముక్క తిన్నాడు. తిబేరియా ఒడ్డున నిప్పుల మీద చేపలు కాల్చి వారికి వడ్డించాడు. తపస్సు కాల శుక్రవారాల్లో మాంసం వర్జించే మన ఇళ్లలో చేపల పులుసు కాగుతూనే ఉంటుంది. చేపలు పట్టి బతికే నిజాంపట్నం, పెనుమూడి రేవుల వారి కష్టార్జితాన్ని శ్రీసభ ఎన్నడూ తక్కువ చేయలేదు.

కాని ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో ఒక చిన్న చట్టం ఉంది. దారిలో పక్షి గూడు కనిపిస్తే, పిల్లలతో పాటు తల్లిని పట్టుకోరాదు. తల్లిని పోనివ్వాలి. మనిషికి తినే హక్కు ఉంది, రేపటికి విత్తనం లేకుండా తినే హక్కు లేదు అని ఆ చట్టం సారం. తొలకరి నీటిలో గుడ్లు పెట్టడానికి పాకివచ్చే మార్పులను బుట్టలు అడ్డం పెట్టి ఒక్కటీ పోకుండా పట్టడం తల్లినీ పిల్లలనూ కలిపి పట్టడమే. నాయనమ్మ కాలంలో చేపలు వెయ్యి, బుట్టలు పది. నేడు బుట్టలు వెయ్యి, చేప ఒకటి. నాడు తప్పు కానిది నేడు తప్పు కావచ్చు. ధర్మం మారలేదు, పరిస్థితి మారింది. పరిస్థితి చూడకుండా ధర్మం చెప్పలేం.

మూడవది తండ్రి పక్షం. వదిలెయ్యడం. ముగ్గురిలో అందరికంటె దయగా కనిపించేది ఇదే. ఇక్కడే నేను నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి.

చాలా ఏళ్ల కిందట నేను మరో ఊళ్లో విచారణ గురువుగా ఉన్నప్పుడు, అక్టోబరు 4న పునీత ఫ్రాన్సిసు అస్సీసి వారి పండుగ చేశాం. సృష్టినంతా సోదరభావంతో చూసిన పునీతుడు గదా అని, సత్యోపదేశం పిల్లలతో ఒక కార్యక్రమం పెట్టాను. ఒక కుటుంబం వారు తమ తొట్టె తీసేస్తున్నామని, అందులోని చేపలు ఇచ్చారు. దివ్యబలిపూజ తరువాత పిల్లలంతా పాట పాడుతూ కాలువ గట్టుకు వచ్చారు. నేను బకెట్టు మీద తీర్థజలం చల్లి ప్రార్థన చేశాను. పిల్లలు చప్పట్లు కొడుతుండగా ఆ చేపలను కాలువలో వదిలాను. వాటిలో నాలుగు, రేపల్లె ఇంటి వరండాలో చూసినట్టి కవచం చేపలే. ఆ రాత్రి చాలా తృప్తిగా నిద్రపోయాను.

ఆ చేప దక్షిణ అమెరికా నదులది. అక్కడ దాన్ని అదుపులో ఉంచేవి ఉన్నాయి, ఇక్కడ లేవు. దాని కవచాన్ని కొరికే చేప మన కాలువల్లో అరుదు. మురికినీటిలోనూ బతుకుతుంది. గట్ల వార బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, దానితో గట్లు బలహీనపడతాయి. మట్టికట్టల మీద బతికే డెల్టాకు ఇది చిన్న విషయమా? అది వలలో పడితే ముళ్లతో వల చీలుస్తుంది, అంగట్లో కొనేవారు లేరు. మన జాలరులు దాన్ని 'దెయ్యం చేప' అంటున్నారు. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో కలిసిన జన్యుపదార్థాన్ని పరీక్షించి, తూర్పు కనుమల ప్రాంతంలో తాము చూసిన నీటి వనరుల్లో సగానికి పైగా ఈ జాతి వ్యాపించిందని తేల్చారు. అది ఇంతదూరం ఈదుకుంటూ రాలేదు. ఇళ్లలో పెరిగి, తొట్టె చాలక, 'పాపం' అనుకున్న చేతుల మీదుగా కాలువల్లోకి వచ్చింది. తరువాత వరద దాన్ని మోసింది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజి నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు వదిలినప్పుడు, ఏ కుంటలో చేప ఏ చెరువుకు చేరిందో ఎవరు చెప్పగలరు?

కొన్నేళ్ల తరువాత ఒక జాలరి చిరిగిన వలను గట్టు మీద పరచి కుట్టుకుంటూ కనిపించాడు. పక్కన ఆ చేపలు నాలుగైదు ఎండలో పడి ఉన్నాయి. "ఈ పీడ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు ఫాదర్ గారూ" అన్నాడు. నాకు తెలుసు. నేను చెప్పలేదు. ఆ రోజు అతడు కుట్టుకోవడంలో పోగొట్టుకున్న కూలి నేను ఇవ్వలేదు. నా దయకు ఖరీదు అతడు కట్టాడు.

ఇదీ ఈ వ్యాసంలో అసలు ప్రశ్న. నా ఉద్దేశం మంచిది. అది చాలదా?

శ్రీసభ నీతిబోధ ఒక కార్యాన్ని మూడు వైపుల నుంచి చూడమంటుంది. చేసిన పని ఏమిటి, ఏ ఉద్దేశంతో చేశాం, ఏ పరిస్థితుల్లో చేశాం. ఒక్క ఉద్దేశం మంచిదైనంత మాత్రాన పని మంచిది కాదు. మరి తెలియక చేసినదాని సంగతి? తెలుసుకునే దారి ఏదీ లేనప్పుడు ఆ తెలియనితనం దోషం కాదు. కాని సత్యాన్ని వెతకడానికి శ్రద్ధ చూపని మనిషి తన అజ్ఞానానికి తానే బాధ్యుడని సత్యోపదేశం అంటుంది. నేను ఎవరినైనా అడిగానా? పాట ఎంచుకోవడానికి గంట గడిపాను. చేప ఏ దేశానిదో తెలుసుకోవడానికి ఒక నిమిషం గడపలేదు. నా అజ్ఞానం రాయిలాంటిది కాదు, తలుపులాంటిది. తట్టితే తెరుచుకునేదే.

దయ అనేది మన మనసులో పుట్టే మెత్తదనం మాత్రమే అయితే, అది మన తృప్తి కోసమే. గాయపడినవాణ్ణి చూసి జాలిపడిన సమరీయుడు ఆగి, గాయం చూసి, నూనె, ద్రాక్షరసం పోసి, సత్రానికి చేర్చి, తిరిగివచ్చి మిగతా ఖర్చు ఇస్తానన్నాడు. అది తెలివిగల దయ. బిచ్చం అడిగిన పసివాడి చేతిలో నాణెం వేసి, వాణ్ణి పంపినవాడెవడో అడగకుండా పోవడం తెలివిలేని దయ. తాగుడుకు అలవాటుపడిన కొడుక్కి ఏడ్చాడని డబ్బిచ్చే తల్లి దయ కూడా అదే. ఆ నాణెమూ, ఆ డబ్బూ, నా బకెట్టూ ఒకే జాతివి.

నేను పండుగ చేసిన ఆ పునీతుడే నాకు సరైన పాఠం ముందుగా చెప్పి ఉన్నాడు. నేనే సరిగా చదవలేదు. ఫ్రాన్సిసు వారి తొలి జీవితచరిత్ర రాసిన చెలానో తోమాసు ఒక సంఘటన చెబుతాడు. రియెతి సరస్సు మీద పడవలో ఉన్న ఫ్రాన్సిసు వారికి ఒక జాలరి పెద్ద చేపను కానుకగా ఇచ్చాడు. ఆయన సంతోషంగా అందుకొని, దాన్ని సోదరీ సోదరుల వరసతో పిలిచి, పడవ పక్కనే నీటిలో వదిలాడు. పడవ పక్కనే! ఏ నీటిలో నుంచి వచ్చిందో ఆ నీటిలోనే. దానికి ఏ చోటు దేవుడిచ్చాడో ఆ చోటులోనే. నేను చేసింది ఆయన చేసిన దానిలా పైకి కనిపించింది. లోపల పూర్తిగా వేరు.

పోపు రెండవ జాన్ పౌలు గారు 1979లో ఈ పునీతుణ్ణి పర్యావరణ పాలకునిగా ప్రకటించారు. 2015లో పోపు ఫ్రాన్సిస్ గారు 'లౌదాతో సీ' విశ్వలేఖ వెలువరించారు. సృష్టిలో ప్రతిదీ మరోదానితో ముడిపడి ఉందన్నది అందులో పదే పదే వచ్చే భావం. రేపల్లె తొట్టె, కాలువ గట్టు, జాలరి వల, వరిచేనులో గూడు కాసే మగచేప, అన్నీ ఒకే దారం మీద ఉన్నాయి. ఒక చోట లాగితే మరో చోట తెగుతుంది.

ఈ మాటలన్నీ మనసులో పెట్టుకొని నెల తరువాత మళ్లీ ఆ ఇంటికి వెళ్లాను. అందరినీ కూర్చోబెట్టి నా బకెట్టు కథ చెప్పాను. అందరూ మౌనంగా విన్నారు. అప్పుడా అబ్బాయి అడిగాడు. "మీరు వదిలిన చేపలు ఇప్పుడు ఎన్ని అయ్యాయి, ఫాదర్?"

పాపసంకీర్తనంలో కూడా నన్ను ఎవరూ అంత సూటిగా అడగలేదు. "తెలియదు బాబూ" అన్నాను. "అదే నా శిక్ష."

తరువాత నిర్ణయం వాళ్లే చేసుకున్నారు. తండ్రి మొదట మత్స్యశాఖలో పనిచేసే తమ బంధువును పిలిపించి, అది మన మార్పేనా, ఆఫ్రికా జాతిదా అని చూపించాడు. పోలికలు దగ్గరగా ఉంటాయి కనుక ఆ జాగ్రత్త అవసరం. మన మార్పే అని తేలింది. దుకాణం చేపలతో కలిపి ఉంచలేదు కనుక వాటి రోగాలు దీనికి అంటలేదు, ఆరోగ్యంగా ఉంది. అందుచేత దాన్ని కాలువలో కాక, పట్టిన ఆ బోదెలోనే వదలాలని అనుకున్నారు. అబ్బాయి ఒక రాత్రి అన్నం తినలేదట. మర్నాడు తానే బిందె మోశాడు. బోదెలో నీరు కదలి, ఒక్కసారి మీసాలు కనిపించి, అంతే. వాడు చాలాసేపు అక్కడే నిలబడ్డాడని తల్లి తరువాత చెప్పింది.

వరండాలోని కవచం చేప మాత్రం ఇంట్లోనే ఉంది. గాజు తొట్టె ఇప్పుడు దానిది. పెద్ద తొట్టె కోసం తండ్రి డబ్బు దాస్తున్నాడు. ఎవరికీ ముద్దు రాని ఆ చేప ఇంకా చాలా ఏళ్లు బతకవచ్చు. అన్నేళ్లూ దాన్ని పోషించాలి. అందులో అందం లేదు, చప్పట్లు లేవు, పాట లేదు. తెచ్చుకున్న బాధ్యతను దించి మరొకరి వాకిట్లో పడవేయకపోవడమే అక్కడి దయ. ప్రేమించడం తేలికైనదాన్ని వదులుకోవడం, ప్రేమించడం కష్టమైనదాన్ని ఉంచుకోవడం! ఆ పిల్లవాడు పదమూడేళ్లకే ఈ రెండూ నేర్చుకున్నాడు. నాకు గురుపట్టం అందుకున్న ఎన్నో ఏళ్లకు గాని అర్థం కాలేదు.

ప్రియ సోదరీ సోదరులారా, మీ ఇంట్లో చేపల తొట్టె ఉంటే దాన్ని పగలగొట్టమని నేను చెప్పడం లేదు. మూడు మాటలు మాత్రం మనవి చేస్తాను. కొనే ముందు అది ఎంత పెరుగుతుందో, ఏ నీటిదో అడగండి. ఇక పెంచలేమనుకుంటే దాన్ని పెంచగలిగిన ఇంటికో, తిరిగి తీసుకునే దుకాణానికో ఇవ్వండి. కాలువలో, చెరువులో, గుడి కోనేటిలో వదలకండి. పొలం బోదెల్లో మన మార్పు, మన ఇంగిలాయి కనిపిస్తే, వానల వేళ వాటి గూళ్లను వాటికి వదలండి.

దానికంటె పెద్ద మాట ఒకటి ఈ రాత్రి ఆత్మపరిశోధనలో అడుగుదాం. నేను దయ అనుకొని చేసిన పనుల్లో ఎన్నిటికి మరొకరు ఖరీదు కట్టారు? ఎవరి వల చిరిగింది? నేను అడిగి తెలుసుకున్నానా, లేక నా మనసు తేలికపడితే చాలనుకున్నానా?

బోదెల్లో మార్పు కరవైంది. మన మనసుల్లోనూ అదే కరవు. ఐదవ దినాన చేపలను దీవించిన తండ్రి మొదటిదాన్ని మన పొలాలకు, రెండవదాన్ని మన ఇళ్లకు మళ్లీ దయచేయును గాక. ఆమెన్.